ఆ ఫొటోలో ఉన్నది ఇనోకి కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

గత ఆదివారం క్రీడల పేజీలో న్యూ జపాన్ ప్రో రెజ్లింగ్ సంస్థ మీద మీరు వేసిన వ్యాసం చదివి ఆరు రోజులు ఆగాను. సవరణ వేస్తారేమోనని రోజూ పేపరు మూలమూలలా వెతికాను. బంగారం ధర వచ్చింది, రాశిఫలాలు వచ్చాయి, ఒక నటుడి కుక్క పుట్టినరోజు వేడుక రంగుల్లో వచ్చింది. సవరణ మాత్రం రాలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఫొటో సంగతి. కింద 'వ్యవస్థాపకుడు ఆంటోనియో ఇనోకి' అని రాసి పైన జెయింట్ బాబా బొమ్మ వేశారు. బాబా ఎత్తు 209 సెంటీమీటర్లు. ఇనోకిని పోల్చుకోవడానికి ఆ పొడవాటి చుబుకం ఒక్కటి చాలు. ఇద్దరూ జపాన్ ప్రో రెజ్లింగ్ పితామహుడు రికిదోజాన్ శిష్యులే. 1960 సెప్టెంబర్ 30న, ఒకే రోజున, తొలిసారి గోదాలోకి దిగారు. 1972లో చెరొక కుంపటి పెట్టుకున్నారు. ఇనోకిది న్యూ జపాన్, బాబాది ఆల్ జపాన్. ఆ తర్వాత ఎవరి అభిమానులు వారివే. ఎన్టీఆర్ అని రాసి ఏఎన్నార్ ఫొటో వేసి ఉంటే మీ కార్యాలయానికి ఎన్ని ఫోన్లు వచ్చేవో ఒకసారి ఊహించుకోండి.

ఇక మూడో పేరా. అందులో సంస్థను స్థాపించింది ఇనోకి కాదట, రికిదోజానట! ఫొటో కింద రాసిన మాట రెండు పేరాలు దాటేసరికే మరిచిపోయారన్నమాట. రికిదోజాన్ 1953లో పెట్టింది జపాన్ ప్రో రెజ్లింగ్ సంఘం. నైట్‌క్లబ్బులో కత్తిపోటుకు గురై 1963 డిసెంబర్ 15న ఆయన కన్నుమూశారు. పోయిన ఎనిమిదేళ్లకు లేచివచ్చి మరో సంస్థకు కొబ్బరికాయ కొట్టారని రాసిన ఘనత మీ పత్రికకే దక్కింది.

జరిగింది ఇది. 1971 చివర్లో ఇనోకిని పాత సంఘం వెళ్లగొట్టింది. మరుసటి ఏడాది మార్చి 6న టోక్యోలోని ఓటా వార్డు వ్యాయామశాలలో న్యూ జపాన్ తొలి ప్రదర్శన జరిగింది. ఆ రాత్రి ఆఖరి కుస్తీలో కార్ల్ గోచ్ చేతిలో ఇనోకి ఓడిపోయారు. సొంత సంస్థ, సొంత డబ్బు, మొదటి రోజు, ఓడింది యజమాని! మన దగ్గర ఏ నిర్మాత ఒప్పుకుంటాడండీ? ఏడాది పాటు టీవీ వాళ్లు అటు చూడలేదు. 1973లో జూడో వీరుడు సకగుచి వచ్చి చేరాకగానీ ప్రసారం మొదలు కాలేదు.

ఇవేవీ మీ వ్యాసంలో లేవు. 'జపాన్ వారి డబ్ల్యూడబ్ల్యూఈ' అన్న ముక్క మాత్రం మూడుసార్లు ఉంది. అమెరికాలో హల్క్ హోగన్ మోత మోగడానికి ముందే, 1983 జూన్ 2న, టోక్యోలో ఇనోకిని పడగొట్టింది ఆ హోగనే. మనవాడని మీరు రెండు పేరాలు రాసుకున్న ఖలీ కూడా డబ్ల్యూడబ్ల్యూఈలో చేరకముందు జెయింట్ సింగ్ పేరుతో న్యూ జపాన్‌లోనే ఆడాడు. బాక్సర్ మహమ్మద్ అలీతో ఇనోకికి 1976 జూన్ 26న జరిగిన పోటీని 'నవ్వులాట' అని కొట్టిపారేశారు. పదిహేను రౌండ్లలో చాలా భాగం ఇనోకి వెల్లకిలా పడుకుని తన్నిన మాట నిజమే, జనం తిట్టిన మాటా నిజమే. కానీ ఆ తన్నులకు అలీ కాళ్లు వాచిపోయి ఆసుపత్రి పాలయ్యాడు. పట్టుమని పది గుద్దులు గుద్దలేకపోయాడు. నవ్వులాటలో కాళ్లు వాస్తాయా?

ఫలితాలు ముందే అనుకుని ఆడతారు కాబట్టి ఇది ఆటే కాదని ముగింపులో ఒక తీర్పు కూడా ఇచ్చారు. దుర్యోధనుడి తొడ విరుగుతుందని తెలిసే కదా మన ఊళ్లలో తెల్లవార్లూ నాటకం చూసింది?

మా అబ్బాయి యొకొహామాలో ఉంటాడు. వాడి పుణ్యమా అని ఒకసారి టోక్యోలోని కొరాకువెన్ హాలులో న్యూ జపాన్ కుస్తీలు చూశాను. చిన్న హాలు. నల్ల లాగు, నల్ల బూట్లు వేసుకున్న ఒక శిక్షణ కుర్రాడు, సీనియరు విప్పి ఇచ్చిన కోటును నేల తాకనివ్వకుండా మడతపెట్టి గుండెకు హత్తుకుని పట్టుకెళ్లాడు. అంతకుముందు వాడే కుస్తీ పట్టి ఓడిపోయాడు, రొమ్ము ఎర్రగా కందిపోయి ఉంది. ఆ కుర్రాళ్లు రోజూ వందల కొద్దీ తీసే బస్కీలకు జపాన్‌లో పేరేమిటో తెలుసా? 'హిందూ స్క్వాట్'. న్యూ జపాన్ తొలితరం కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చిన గోచ్ గారు చేయించినవి మన దండీలు, బస్కీలే. ఈ ఒక్క సంగతి రాసినా మీ వ్యాసానికి నేను చేతులెత్తి మొక్కేవాణ్ని.

ముప్పై ఏళ్లు పిల్లలతో అవే బస్కీలు తీయించినవాణ్ని కాబట్టి ఇంకో మాట చెప్పుకోనివ్వండి. కలియుగ భీముడు కోడి రామమూర్తి నాయుడు పుట్టిన రాష్ట్రంలో, మా పట్టణం తాలింఖానాలో ఇప్పుడు పాత ఫ్లెక్సీలు, విరిగిన చెత్తబండ్లు దాస్తున్నారు. ఎర్రమట్టి గోదా మీద సిమెంటు పోశారు. అడగడానికి వెళితే అధికారి 'మాస్టారూ, ఈ రోజుల్లో కుస్తీ ఎవరికి కావాలి, జిమ్ముకు ప్రతిపాదన పంపాం' అన్నారు. ఆ ప్రతిపాదన వయసు నాలుగేళ్లు. దీని మీద నేను మీకు రాసిన రెండు ఉత్తరాలకూ స్థలాభావం అడ్డొచ్చింది. నిన్న క్రికెటర్ కొత్త హెయిర్‌స్టయిల్‌కు అర పేజీ స్థలం ఎలా దొరికిందో మరి!

కనీసం ఫొటో అయినా సవరించండి. ఇనోకి 2022 అక్టోబర్ 1న పోయారు, బాబా 1999లోనే పోయారు. వాళ్లిద్దరూ మీకు ఉత్తరం రాయలేరు కాబట్టి నేను రాస్తున్నాను. సవరణ వేసేటప్పుడు దయచేసి సకగుచి బొమ్మ వేయకండి.

ఇట్లు,
మీ పాత చందాదారుడు,
విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు