నాలుగో రోజు చెడగొట్టించండి

సంపాదకులకు నమస్కారం.

మీ స్వయం ఉపాధి పేజీలో గుడ్డ సంచుల మీద స్క్రీన్ ప్రింటింగ్ గురించి వచ్చిన వ్యాసం చదివాను. మూడు రోజుల్లో నేర్చుకోవచ్చని రాశారు. నేనూ మూడు రోజుల్లోనే నేర్చుకున్నాను. కాకపోతే ఆ మూడు రోజులూ అన్నీ సవ్యంగా జరిగితే ఏం చేయాలో చెప్పారు గానీ, తేడా వస్తే ఎక్కడ వెతుక్కోవాలో ఎవరూ చెప్పలేదు.

మా డ్వాక్రా గ్రూపులో ఈ పనికి దిగింది ఆరుగురం. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు, ఆ ఏడాది ఆఖరుకు 120 మైక్రాన్లలోపు క్యారీ బ్యాగులు నిషేధించారు కదా. తాంబూలానికి గుడ్డ సంచులు అడిగేవాళ్లు కనపడ్డారు. మాకొచ్చిన మొదటి ఆర్డర్ 200 సంచులు. మీద 'అతిథులకు ధన్యవాదాలు' అని ఉండాలి, అంతే.

చట్రానికి బిగించిన సన్నటి వల, అంటే స్క్రీను మీద ఎమల్షన్ అనే జిగురులాంటి పూత పూసి, చీకటి గదిలో ఆరబెట్టి, అక్షరాలు ప్రింటు తీసిన ట్రేసింగ్ కాగితం అద్దం కింద పెట్టి మేడ మీద ఎండ చూపించాం. వెలుతురు తగిలినచోట ఎమల్షన్ గట్టిపడుతుంది, నల్లక్షరం కింద మెత్తగా ఉండి నీళ్లకు పోతుంది. అలా తెరుచుకున్న కన్నాల్లోంచే రంగు సంచి మీదికి దిగుతుంది. ఇదంతా తెలుసు. అయితే శిక్షణ జనవరిలో. సారు అప్పుడు లెక్కపెట్టించిన అంకెలే మేం మే నెల మిట్టమధ్యాహ్నం లెక్కపెట్టాం. ఎంత కడిగినా అక్షరాలు తెరుచుకోలేదు. టూత్‌బ్రష్‌తో రుద్దితే అంచులు ఊడి వచ్చాయి. రెండో స్క్రీనుకు సగమే లెక్కపెట్టాం. నీళ్లు పడగానే అక్షరాలతోపాటు చుట్టుపక్కలదీ జారిపోయింది.

అప్పుడు ఆ ట్రేసింగ్ కాగితాన్ని బల్బుకు అడ్డంగా పట్టి చూశాను. అక్షరాలు నల్లగా లేవు, పల్చటి డికాషన్ రంగులో ఉన్నాయి. వెలుతురు అక్షరంలోంచి కూడా దిగుతుంటే లెక్క ఎంత మార్చి ఏం లాభం? అదే ప్రింటు ఇంకోటి తీయించి, రెండూ గీతకు గీత కలిసేలా ఒకదానిమీద ఒకటి అతికించాం. మూడో స్క్రీను కుదిరింది. ఈ బల్బు సంగతి మొదటిరోజే చెబితే రెండు స్క్రీన్ల ఎమల్షన్ మిగిలేది.

ఇక రంగు. ఉక్కపోతకు ఫ్యాన్ వేసుకుని కూర్చున్నాం. పదిహేనో సంచి దాటాక 'థు' కడుపులో చుక్క మాయమైంది. నీళ్లతో కలిపే రంగు గాలికి ఆరితే ముందు మూసుకుపోయేవి అలాంటి చిన్న కన్నాలే. మేం గమనించలేదు, పెళ్లికూతురి తండ్రి గమనించారు. ఆయన రిటైరైన తెలుగు మాస్టారు! 'అతిధులకు' అని సగం ఊరు రాస్తుంది గానీ ఆయన దగ్గర ఆ మాట అనే ధైర్యం ఎవరికుంది? రంగు చిక్కనైందని నీళ్లు పోశాం. ఈసారి 'న్య' కింద యవత్తు ముద్దగా అలుక్కుపోయింది. కావాల్సింది నీళ్లు కాదు. ఫ్యాన్ ఆపాలి, తడి స్పాంజితో స్క్రీనును అడుగునుంచి తుడవాలి. సంచి తీసి పక్కన పెట్టేలోపు స్క్వీజీతో, అంటే రంగు లాగే రబ్బరు పట్టీతో, రంగును అక్షరాలమీదికి ఒకసారి లాగి ఉంచాలి, కన్నాలు ఖాళీగా ఉండకూడదు.

నలభయ్యో సంచికి స్టెన్సిలే, అంటే స్క్రీను మీద గట్టిపడిన ఆ పూతే, జిగురుగా కరగడం మొదలుపెట్టింది. షాపులో 'ఎమల్షన్ ఇవ్వండి' అంటే విజిటింగ్ కార్డులవాళ్లు పట్టుకెళ్లేది ఇచ్చారు. అది ఆయిల్ రంగులకు ఆగుతుంది గానీ నీళ్ల రంగుకు మెత్తబడిపోతుంది. ఏ రంగుకు కావాలో చెప్పి అడగాలని మాకు తెలిస్తే కదా. మెష్, అంటే స్క్రీను వల విషయంలోనూ అంతే, గుడ్డకు 43టీ (సెంటీమీటరుకు 43 దారాలు), కార్డులకు 120టీ అని ఆ తర్వాత తెలిసింది. మొత్తానికి చెడినవి 31 సంచులు. మా ఆరిళ్లలోనూ ఇప్పుడు కూరగాయలు వాటిలోనే వస్తున్నాయి.

అందుకే శిక్షణ ఇచ్చేవాళ్లకు మీ పత్రిక ద్వారా నా మనవి. నాలుగో రోజు ఒకటి కలపండి. ఆ రోజు కావాలనే చెడగొట్టించండి. పల్చటి ప్రింటుతో ఒకటి, ఎమల్షన్ సరిగ్గా ఆరని స్క్రీనును ఎండకు పెట్టి ఒకటి, ఫ్యాన్ కింద ఒకటి. ఎలా పాడవుతుందో చేత్తో తెలియాలి.

ఇంకొక్క మాట. ఎమల్షన్‌లో కలపమని మాకు నారింజరంగు పొడి ఇచ్చారు, బైక్రోమేట్. శిక్షణలో అందరం ఒట్టి చేతులతోనే కలిపాం. అది క్రోమియం ఉప్పు. చర్మానికి తగిలితే పుండ్లు పడతాయి, దుమ్ము పీలిస్తే క్యాన్సర్ ముప్పు కూడా ఉంది. మాకు దొరికిన సీసా మీద తెలుగులో ఒక్క ముక్క లేదు. దాని బదులు డయాజో అనే వేరే రసాయనం కలిపే ఎమల్షన్ దొరుకుతుంది, కాస్త ధర ఎక్కువ. వచ్చే వ్యాసంలో కనీసం గ్లౌజుల సంగతైనా వేయండి.

— ఒక పొదుపు సంఘం సభ్యురాలు, తెనాలి