టాంక్‌బండ్ మీద హారన్

సికింద్రాబాద్,
19 మార్చి 2023, ఆదివారం.

ఒరేయ్ సత్తీ,

నీ ఉత్తరం సంక్రాంతి ముందే అందింది. జవాబు ఇంత ఆలస్యమైనందుకు కోప్పడకు. అమ్మ మోకాలు నయం, కర్ర లేకుండా నడుస్తోంది. పెద్దదానికి డిగ్రీ పరీక్షలు. బావకి వరంగల్ బదిలీ అయింది, చెల్లెలూ పిల్లాడూ ప్రస్తుతం మా దగ్గరే. బుధవారం ఉగాది, ఇల్లు ఇంకా కడగనే లేదు. ఇంటి సంగతులు ఇంతే. ఇక అసలు సంగతి విను. ఫోనులో చెబుదామని నీ నెంబరు తీసి కూడా మళ్లీ పెట్టేశాను. ఇది నువ్వు కూర్చుని చదవాల్సిన సంగతి.

పందెం నేనే గెలిచాన్రా!

ఏ పందెమో నీకు తెలుసు. సెవెన్ జెడ్ బస్సు, పై అంతస్తు, ముందు సీటు, కుడివైపు కిటికీ, సరిగ్గా డ్రైవరు నెత్తిమీద. మూడు దెబ్బలు. ఇంకా గుర్తు రాకపోతే నువ్వు సత్తివే కాదు.

జరిగింది మొదటినుంచీ చెప్తాను. కొత్త డబుల్ డెక్కర్లు వచ్చాయని పేపర్లో చూసే ఉంటావు. కరెంటు బస్సులు. ఫిబ్రవరి 7న మూడు బస్సులతో మొదలుపెట్టారు, హుస్సేన్‌సాగర్ ఒడ్డున కార్ల రేసు పెట్టారు చూడు, ఆ వారంలోనే. ఇప్పుడు చూడ్డానికి వచ్చినవాళ్లని ఎక్కించుకుని తిప్పుతున్నారు. మేనల్లుడు ఒకటే పట్టు, మామయ్యా పోదాం పోదాం అని. నిజం చెప్పాలంటే వాడికంటే నాకే ఆత్రం ఎక్కువ. నిన్న సాయంత్రం వెళ్లాం.

అన్నీ అద్దాలు బిగించి ఉన్నాయి, లోపల ఏసీ. తలుపులు వాటంతటవే మూసుకుంటాయి. 65 మంది కూర్చోవచ్చట. చప్పుడే లేదు. మన బస్సు సికింద్రాబాద్‌లో ఇంజను వేస్తే పైన కూర్చున్న మన పళ్లు కూడా కటకటలాడేవి కదా! కొత్తది బాగాలేదని అనను, పిల్లాడి మొహం నువ్వు చూసి ఉంటే నీకూ నచ్చేది. కానీ కిటికీ తెరుచుకోదు సత్తీ. టాంక్‌బండ్ మీద గాలి లేకుండా డబుల్ డెక్కర్ ఏమిటి?

సరే, పైకి ఎక్కేసరికి మన సీటులో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. తెల్ల చొక్కా, వాచీ మణికట్టు లోపలివైపుకి తిప్పి పెట్టుకున్నాడు. ఆయన పక్కన ఇద్దరం ఇరుక్కున్నాం. బస్సు కదిలింది. మలుపు వచ్చినప్పుడల్లా ఆయన కుడికాలు నేలని నొక్కుతోంది. ముందు ఆటో అడ్డం వస్తే నొక్కుతోంది, ఎవరైనా రోడ్డు దాటుతుంటే నొక్కుతోంది. రెండుసార్లు చూశాక ఉండబట్టలేక అడిగేశాను.

"డ్రైవరుగా చేశారా పెద్దాయనా?"

"ఎట్ల ఎరుకైంది?"

"మీ కాలు చూసి."

గట్టిగా నవ్వాడు. "ఆర్టీసీల చేసిన బిడ్డా. గిసొంటి రెండంతస్తుల బండి గూడ నడిపిన. సెవెన్ జెడ్."

నాకు కాసేపు మాట రాలేదు. రెండో క్షణంలో నువ్వే గుర్తొచ్చావు. ఈ మనిషి పక్కన కూర్చోవాల్సింది ఇద్దరం కదా అని.

ఆయన మొదలుపెడితే ఇక ఆపలేదు. వాళ్ల నాయన కూడా బస్సుల మనిషేనట. నిజాం కాలంలో రైల్వే వాళ్ల చేతి కిందే బస్సులు నడిచేవి కదా, అక్కడ క్లీనరుగా చేరాడట. 1932 జూన్‌లో 27 బస్సులతో మొదలైన సంస్థ అది. స్కాట్లండ్ నుంచి వచ్చిన ఆల్బియన్ బండ్ల గురించి వాళ్ల నాయన చెప్పినవన్నీ ఈయన మళ్లీ చెప్పాడు, పొద్దున్నే చేత్తో హ్యాండిల్ తిప్పి ఇంజను లేపడం, బండి బండికీ తుడిచే గుడ్డ వేరుగా పెట్టుకోవడం. ఇంకో మాట చెప్పాడు, నువ్వు గంతులేస్తావు. బస్సు నెంబరు ప్లేటులో జెడ్ ఉంటుంది చూడు, అది నిజాం తల్లి జహరా బేగం పేరు మీద పెట్టిందని వాళ్ల నాయన చెప్పేవాడట. నేనూ ఇదివరకు ఎక్కడో విన్నాను. నువ్వేమో బస్సులన్నీ ఆఖరికి జూ పార్కుకే పోతాయి కాబట్టి అన్నిటికీ జెడ్ పెట్టారని మీ తమ్ముడికి నేర్పావు. వాడు బడిలో టీచరుకి కూడా అదే చెప్పి వచ్చాడు!

గౌలిగూడ బస్టాండు మాట వచ్చేసరికి ఆయన గొంతు మారిపోయింది. ఆ పెద్ద రేకుల షెడ్డు, ఒకప్పుడు విమానాల కోసం తెప్పించింది, 2018 జులై 5న కూలిపోయింది కదా. మర్నాడు వెళ్లి చూసి వచ్చాడట. "ఎవ్వలకు ఏం గాలేదు, గదే చాలు" అని కాసేపు ఊరుకున్నాడు. నేనూ ఏమీ అడగలేదు.

రాణీగంజ్ దాటి టాంక్‌బండ్ ఎక్కుతుంటే నాకు అన్నీ ఒక్కసారిగా వచ్చి పడ్డాయిరా. సికింద్రాబాద్‌లో బస్సు ఇంకా ఆగకముందే నువ్వు రాడ్డు పట్టుకుని వేలాడటం, కిందున్న కండక్టరు "ఉప్పర్ ఖాళీ హై, ఉప్పర్ చలో" అని అరుస్తుంటే ఇరుకు మెట్ల మీద మోకాళ్లు కొట్టుకుంటూ పరుగెత్తడం, నీ రుమాలు ముందు ఎగిరి సీటు మీద పడటం, వెనకాల మనం పడటం. చెట్ల కొమ్మలు ముందు అద్దానికి ఠపఠపా కొట్టుకుంటే కొత్తగా ఎక్కినవాళ్లు తలలు వంచేవాళ్లు. మనం వంచేవాళ్లం కాదు. అప్పుడు పై అంతస్తు కండక్టరు, మన ముప్పావలా మామ వచ్చేవాడు. టికెట్టు వెనక చిల్లర బాకీ రాసి ఇచ్చి, దిగేటప్పుడు అడిగితే "రేపు" అనేవాడు చూడు. ఆయన రాత ఉన్న టికెట్టు ఒకటి నా దగ్గర ఇంకా ఉంది, లెక్కల పుస్తకంలో దొరికింది. ముప్పావలా ఇప్పటికీ బాకీయే.

ఆ తర్వాత విగ్రహాలు. 1986లో వాటిని పెట్టినప్పుడు మనకి ఎంత సంబరం! పై అంతస్తులో కూర్చుంటే రోడ్డు పక్కన ఉన్న వేమనా పోతనా మొల్లా మన ఎత్తుకే వచ్చినట్టుండేవాళ్లు. నువ్వు అందరికీ పేరుపేరునా హాజరు వేసేవాడివి.

బుద్ధుడి మాట కూడా ఆయనే ఎత్తాడు. 1990 మార్చిలో విగ్రహం నీళ్లలో మునిగింది చూడు, దాంతోపాటు మనుషులూ పోయారు. అప్పటినుంచి 1992 డిసెంబరులో లేపి నిలబెట్టేదాకా టాంక్‌బండ్ రాగానే పైనున్నోళ్లంతా లేచి కుడివైపుకి జరిగేవాళ్లట. "నీళ్లల్ల ఏం కనబడ్తది బిడ్డా? అయినా చూసెటోళ్లు. పైన బరువంత ఒక దిక్కు అయితే నాకు స్టీరింగ్ల తెలుస్తుండె. ఇగ ఉషారుగ పట్టుకుంటుంటి." మనం కూడా జరిగాం కదరా! నువ్వైతే ఒకసారి అదిగో భుజం కనిపించిందని కూడా అన్నావు. కింద ఒక మనిషి ఆ బరువుని చేతుల్లో మోస్తున్నాడని మనకేం తెలుసు.

ఇప్పుడు పందెం.

పిల్లాడికి మన సంగతి ముందే చెప్పి ఉంచాను. టాంక్‌బండ్ మొదలవగానే నెత్తిమీదనుంచి మూడుసార్లు కాలితో తొక్కితే డ్రైవరు హారన్ కొట్టేవాడని. వాడు ఊరుకుంటాడా? దబ్ దబ్ దబ్! కొత్త బస్సు ఏమీ పలకలేదు. కానీ సత్తీ, పెద్దాయన కుడిచెయ్యి మోకాలి మీదనుంచి లేచి గాలిలో దేన్నో నొక్కింది. నొక్కి, తన చెయ్యి తనే చూసుకున్నాడు.

నా గుండె దడదడలాడింది. "మీ కాలంలో పిల్లలు ఇట్లా తొక్కేవాళ్లా?" అని మాత్రం అడిగాను. ఇంకేం చెప్పలేదు, పందెం న్యాయంగా తేలాలని. ఆయన ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాస్తున్నాను, అమ్మ మీద ఒట్టు.

"తొక్కకపోతుండెనా? కట్ట మీదికి వచ్చుడే ఆలిశ్యం, పోరగాళ్లు నెత్తిమీద దబదబ మోగిస్తుండె. కొందరు డ్రైవర్లు తిడుతుండె. నేను హారన్ కొడ్తుంటి. పోరగాళ్లు పిలిస్తే పలకద్దా?"

"ఎదురుగా సైకిలు వచ్చినప్పుడు కొట్టి ఉంటారేమో కదా?" నీ మాటే, నీ తరఫున నేనే అడిగాను.

"సైకిలోడు లేకున్నా కొడ్తుంటి."

విన్నావా? సైకిలోడు లేకున్నా! ఎన్ని సాయంత్రాలు కొట్లాడావురా, అది సైకిళ్ల కోసం కొట్టిన హారన్, మనకోసం కాదు, అంత పెద్ద బస్సు నడిపేవాడికి మన గోల ఎక్కడ వినిపిస్తుందని. ఇంటరు అయిపోయినా ఒప్పుకోలేదు. నీ పెళ్లిలో కూడా ఒప్పుకోలేదు!

అప్పుడు చెప్పాను ఆయనకి, అలా తొక్కినవాళ్లలో మేమిద్దరం ఉన్నామని, రోజూ అదే సీటని, నీ పేరు కూడా చెప్పాను. గుర్తున్నామేమోనని చిన్న ఆశ. ఆయన నా మొహంలోకి చాలాసేపు చూశాడు.

"మీరే అని ఎట్ల చెప్పాలె బిడ్డా? నాకు కాళ్లు వినబడుతుండె గని మొఖాలు కనబడకపోతుండె."

ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. ఇది రాస్తూ మళ్లీ ఆగిపోయాను. మనం కూడా ఆయన మొహం ఒక్కరోజన్నా చూశామా చెప్పు? దిగగానే పరుగు. ఆ హారన్ కొట్టింది ఈయనేనో, పలికే ఇంకో డ్రైవరో, అది ఎప్పటికీ తేలదు. తేలకపోయినా ఫరవాలేదనిపించింది. ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను, ఆయనా వదల్లేదు.

2000 దాటాక ఆ బండ్లు తీసేసినప్పుడు ఈయనకి మామూలు బస్సు ఇచ్చారట. ఫ్లైఓవర్లు పెరిగాక అంత ఎత్తు బండిని తిప్పే దారులు ఎక్కడున్నాయిలే. "అల్కగ ఉండె నడుపుడు. గని నెత్తిమీద ఎవ్వలు లేకపోతే తోచకపోతుండె" అన్నాడు. పిల్లాడు వెంటనే, "తాతా, ఈసారి మీరు నడపండి, నేను పైన తొక్కుతా" అన్నాడు. ఆయన వాడి తల నిమిరాడు.

పందెం షరతు గుర్తుందిగా? ఓడినవాడు జీవితాంతం కిటికీ సీటు ఇచ్చెయ్యాలి. వేసవిలో రా, ముగ్గురం కలిసి ఎక్కుదాం, ఆయన్ని కూడా పిలుద్దాం, ఆయన ఇల్లు లాలాపేటలోనే. కిటికీ నాది. మధ్యలో ఆయన. నువ్వు...

నల్లా వచ్చిందని అమ్మ కేకేస్తోంది, డ్రమ్ములు నింపాలి, అరగంట కంటే రాదు. పైన ఉన్న కండక్టరు రెండుసార్లు గంట కొట్టడం మర్చిపోయి నిద్రపోయిన రోజు సంగతి ఒకటి పెద్దాయన చెప్పాడు, అఫ్జల్‌గంజ్‌లో జరిగింది, అది రాయనే లేదు. తర్వాత రాస్తాను.

నీ
రఘు