వెనక సీటు బెల్టులనూ తనిఖీ చేయాలి
కార్లలో వెనక సీటు బెల్టులు అరిగిపోయినా, తెగే స్థితికి వచ్చినా అడిగేవారు లేరు. వెనక కూర్చున్నవారూ బెల్టు పెట్టుకోవాలని, లేకుంటే 1000 రూపాయల జరిమానా అని చట్టం చెబుతోంది. 2022లో మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర జరిగిన కారు ప్రమాదంలో, వెనక సీట్లో బెల్టు లేకుండా ఉన్న టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ మరణించాక ఈ సంగతి అందరికీ తెలిసింది. మరి పెట్టుకోవడానికి పనికొచ్చే బెల్టు ఉండాలి కదా! హైదరాబాద్–విజయవాడ దారిలో నేనెక్కే అద్దె కార్లలో చాలాసార్లు బకిల్ సీటు కవరు కింద కూరుకుపోయి ఉంటుంది. బయటికి లాగితే అంచులు పీచులు లేచిన పట్టీ వస్తుంది, వదిలితే వెనక్కి చుట్టుకోదు. కొందరు దాన్ని కవర్లు కుట్టే దుకాణంలో కుట్టించి సరిపెడుతున్నారు. ఇది చాలా ప్రమాదం, గుద్దుకున్నప్పుడు పడే బరువుకు ఆ కుట్టు ఆగదు. ట్యాక్సీలకు 8 ఏళ్ల వరకు రెండేళ్లకోసారి, తర్వాత ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. సొంత కారుకైతే రిజిస్ట్రేషన్ గడువు తీరే 15 ఏళ్ల దాకా అదీ లేదు. ఎండకు, రాపిడికి పట్టీ పాడవడానికి అంతకాలం అక్కర్లేదు. ఫిట్‌నెస్ పరీక్షలో ప్రతి సీటు బెల్టునూ పూర్తిగా లాగి, బకిల్ పెట్టి చూడాలి. పీచులు లేచినా, ప్రమాదంలో ఒకసారి బరువు మోసినా మొత్తం సెట్టు మార్చాకే సర్టిఫికెట్ ఇవ్వాలి. సొంత కార్లకు కాలుష్య తనిఖీ సమయంలోనే ఈ పరీక్షా చేయవచ్చు, రెండు నిమిషాల పని. రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలు దీన్ని వెంటనే మొదలుపెట్టాలి.