ముందు ఆగడం, తర్వాతే పరుగు: మా మస్టాంగ్ కస్టమర్లందరికీ

నమస్తే అండి. మా దగ్గర కార్బురేటర్లు (గాలినీ పెట్రోల్‌నీ కలిపి ఇంజన్‌కి పంపే పార్టులు) రీబిల్డ్ చేయించుకునేవాళ్లకీ, బ్రేక్ కిట్లు తీసుకెళ్లి ఇంట్లో సొంతంగా బిగించుకునేవాళ్లకీ, ఆర్డర్ ఇచ్చి ఎదురుచూస్తున్నవాళ్లకీ ఈ మాట. సూటిగా చెప్పేస్తాను. 1964 నుంచి 1966 దాకా వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్ కార్లకి ఇంజన్ పవర్ పెంచే పార్టులేవీ ఈ నెల నుంచి నేరుగా అమ్మం. ఫోర్ బ్యారెల్ (గాలికి నాలుగు దారులున్న) కార్బురేటర్ కావచ్చు, ఇన్‌టేక్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టాలు) కావచ్చు, క్యామ్ (వాల్వులని తెరిచే కడ్డీ) కావచ్చు, ముందు ఆ కారు బ్రేకులు, కౌల్ (విండ్‌షీల్డ్ ముందుండే గాలి డబ్బా), వైరింగ్ ఎలా ఉన్నాయో మాకు తెలియాలి. అవి సరిగ్గా ఉంటే పార్టు ఆ వారమే బయల్దేరుతుంది. లేకపోతే ముందు అవి చేసుకోండి, అప్పుడు మాట్లాడుకుందాం. ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లు ఈ పద్ధతి నచ్చకపోతే చెప్పండి, మొత్తం వెనక్కి ఇచ్చేస్తాం.

కొంతమందికి కోపం వచ్చింది. "కారు నాది, గరాజ్ నాది, పార్టు అమ్మడానికి మీకేంటి అభ్యంతరం" అని ఒకాయన ఫోన్‌లో గట్టిగానే అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు ఆయనకొక్కరికే కాదు, అందరికీ చెప్పాలి.

1966 మస్టాంగ్‌లో మాస్టర్ సిలిండర్‌కి, అంటే పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకి తోసే దానికి, గది ఒక్కటే. నాలుగు చక్రాలకీ బ్రేక్ ఆయిల్ ఆ ఒక్క గదిలోంచే వెళ్తుంది. ఎక్కడో వెనక చక్రం దగ్గర వీల్ సిలిండర్ (ఆ చక్రం బ్రేకుని నొక్కే చిన్న సిలిండర్) కారినా, ముందు హోస్ ఒకటి పగిలినా పెడల్ నేలకి తగిలిపోతుంది, నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. మిగిలేది వెనక చక్రాలని పట్టే హ్యాండ్ బ్రేక్ మాత్రమే. 1967 మోడల్ నుంచి రెండు గదుల మాస్టర్ సిలిండర్ వచ్చింది, ముందు చక్రాలది ఒక దారి, వెనకవాటిది ఇంకో దారి. అంటే మీ అందరూ ముచ్చటపడి కొనుక్కున్న 65, 66 కార్లు సరిగ్గా ఆ మార్పుకి ముందువి. అరవై ఏళ్ల కిందటి రోడ్ల మీద, అప్పటి ట్రాఫిక్‌లో ఎలా నడిచాయో గానీ, ఈ డల్లాస్ టోల్‌వేల మీద ముందున్నవాడు సడన్‌గా ఆపితే ఆగాల్సిన బండి ఇది.

ఈమధ్య ఒక కారు ముందు చక్రం బ్రేక్ హోస్ విప్పి నాకు పంపారు. బయట నల్లగా నిగనిగలాడుతోంది, ఒక్క పగులు లేదు. అడ్డంగా కోసి చూస్తే లోపల రబ్బరు ఉబ్బి, ఆయిల్ వెళ్లే దారి గుండుసూది దూరేంతే మిగిలింది. ఇలాంటి హోస్‌లో పెడల్ తొక్కినప్పుడు ప్రెషర్‌కి ఆయిల్ వెళ్తుంది గానీ వదిలినప్పుడు తొందరగా వెనక్కి రాదు. ఆ చక్రం పట్టుకునే ఉంటుంది, వేడెక్కుతుంది, బండి ఒక పక్కకి లాగుతుంది. ఓనర్ మాత్రం అలైన్‌మెంట్ చేయించుకుంటూ ఉంటారు. కాబట్టి రబ్బరు హోసులు మూడూ, అంటే ముందు రెండు, వెనక యాక్సిల్ మీది ఒకటి, బాగున్నట్టు కనిపించినా సరే మార్చేయండి. కారు మొత్తంలో ఇంత తక్కువ ఖర్చుకి ఇంత ధైర్యాన్నిచ్చే పని ఇంకోటి లేదు. బ్రేక్ డ్రమ్ములు విప్పినప్పుడు లోపలి దుమ్ముని ఎయిర్ కంప్రెసర్‌తో ఊదొద్దు, పాత బ్రేక్ షూలలో ఊపిరితిత్తులని పాడుచేసే ఆస్బెస్టాస్ ఉండేది. తడిపి తుడవండి, మాస్క్ పెట్టుకోండి, పిల్లల్ని ఆ చుట్టుపక్కలకి రానివ్వకండి.

ఇంకో పెద్ద సంగతి, ఆరు సిలిండర్ల కార్లది. చవగ్గా దొరికిందని 200 క్యూబిక్ ఇంచుల సిక్స్ ఉన్న కారు కొని, దాంట్లో 289 వి8 (289 క్యూబిక్ ఇంచుల ఎనిమిది సిలిండర్ల ఇంజన్) దింపుదామని చాలామంది అడుగుతున్నారు. సిక్స్ పవర్ 120 హార్స్ పవర్, టూ బ్యారెల్ 289 ది 200. కానీ ఫోర్డ్ వాళ్లు మార్చింది ఇంజన్ ఒక్కటే కాదండి. సిక్స్ కారుకి 9 అంగుళాల డ్రమ్ములు, నాలుగు బోల్టుల చక్రాలు, చిన్న వెనక యాక్సిల్. వి8 కారుకి 10 అంగుళాల డ్రమ్ములు, ఐదు బోల్టులు, పెద్ద యాక్సిల్. ఇంజన్ మాత్రం దించి కింద అంతా సిక్స్ సామానే ఉంచితే ఆ కారుని నేను రోడ్డు మీదకి పంపలేను. అమ్మినవాడి మాట నమ్మకుండా మీ కారు పుట్టుకతో ఏదో మీరే చూసుకోవచ్చు. వీఐఎన్‌లో, అంటే కారు గుర్తింపు నంబర్‌లో, ఐదో అక్షరం చూడండి, 65, 66 కార్లలో 'టి' ఉంటే సిక్స్. 'సి', 'ఎ', 'కె' ఉంటే 289. డోర్ మీది ప్లేట్ మార్చేయొచ్చు కాబట్టి డ్రైవర్ వైపు ఫెండర్ లోపలి రేకు మీద కొట్టిన నంబర్‌తో సరిపోల్చుకోండి.

టెక్సస్‌లో ఉన్నవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. 2025 జనవరి 1 నుంచి మామూలు సొంత వాహనాలకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు. టెన్షన్ తగ్గిందని సంతోషించినవాళ్లు ఉన్నారు, నాకు మాత్రం భయం పెరిగింది. కనీసం కొత్త కార్లలో బ్రేక్ ఆయిల్ తగ్గితే లైటైనా వెలుగుతుంది. మన కార్లకి అదీ లేదు. చూసేవాడు లేనప్పుడు మనమే చూసుకోవాలి, పార్టు అమ్మే నేను కూడా చూడాలి. మా నాన్నగారు విజయవాడ ఆటోనగర్‌లో లారీల బ్రేకులు, క్లచ్‌ల పని చేసేవారు. బండి ఏ పని మీద షెడ్డుకి వచ్చినా ముందు ఎక్కి బ్రేకు తొక్కి చూసేవారు, ఆ తర్వాతే పానా పట్టేవారు. నేను కొత్తగా కనిపెట్టిందేమీ లేదు, ఆ పద్ధతినే ఇక్కడ పెడుతున్నాను.

ఇక కౌల్. విండ్‌షీల్డ్ ముందు, హుడ్డు వెనక సన్నటి చీలికలున్న రేకు ఉంటుంది కదా, గాలి లోపలికి వెళ్లే చోటు. వాన నీళ్లు ఆ చీలికల్లోంచి లోపలి డబ్బాలోకి దిగి రెండు పక్కల నుంచీ బయటికి పోవాలి. ఆ డబ్బాలో క్యాబిన్‌లోకి గాలి వెళ్లే రంధ్రాల చుట్టూ టోపీలాంటి అంచు ఉంటుంది, ఎడమ పక్కది డ్రైవర్ కాళ్ల దగ్గరి వెంట్‌కి, కుడి పక్కది హీటర్‌కి. ఆకులు పేరుకుని, తేమ ఆరక, ఆ అంచులు తుప్పు పట్టి తినేస్తాయి. అప్పుడు నీళ్లు కార్పెట్ కిందికి పోతాయి, ఫ్లోర్ లోపలి నుంచి కుళ్లుతుంది. పైన ఎంత మెరిసే పెయింట్ ఉన్నా మీకు తెలియదు.

టెస్ట్ చాలా తేలిక. ముందు సీట్ల దగ్గర కార్పెట్ ఎత్తండి, పాత న్యూస్‌పేపర్లు పరవండి. ఒకరు టార్చితో డాష్‌బోర్డ్ కింద తల పెట్టి చూస్తుంటే ఇంకొకరు తోట పైపుతో చీలికల మీద నీళ్లు పోయాలి, ముందు ఎడమ వైపు, కాసేపాగి కుడి వైపు. జోరుగా కొట్టకండి, వాన పడ్డట్టు పొయ్యండి. పేపర్ మీద ఒక్క చుక్క పడినా ఆ వైపు కౌల్ పోయినట్టే. చుక్క తుప్పు రంగులో ఉందో, మామూలుగా ఉందో కూడా చూసి చెప్పండి.

అంచు ఒక్కటే పోయి చుట్టూ రేకు గట్టిగా ఉంటే పైనుంచి అతికించే ప్లాస్టిక్ టోపీలు దొరుకుతాయి, కొన్నేళ్లు నడుస్తుంది, నాకేం అభ్యంతరం లేదు. చుట్టూ రేకు పేపర్‌లా అయిపోతే మాత్రం దగ్గరి దారి లేదు. హుడ్డు, ఫెండర్లు విప్పాలి, పై రేకు చుట్టూ ఉన్న స్పాట్ వెల్డులన్నీ ఒక్కొక్కటిగా డ్రిల్ చేసి ఊడదీయాలి, లోపల కొత్త రేకు పెట్టాలి, మళ్లీ వెల్డ్ చేయాలి. ఇంట్లో చేయగలిగిన పనే, కానీ ఓపిక కావాలి. పుట్టీ పెట్టి మూసేద్దామని అడగకండి. ఈ కారుకి లారీకి ఉన్నట్టు వేరే చాసీ లేదు, రేకే ఎముక. ఫ్లోర్ కోయాల్సివస్తే తలుపు ఉండే ఖాళీల్లో అడ్డంగా ఇనప బ్రేస్ వెల్డ్ చేసుకోకుండా కోయొద్దు, ముఖ్యంగా కన్వర్టిబుల్ ఉన్నవాళ్లు, లేకపోతే బాడీ వంగి తలుపులు మళ్లీ పట్టవు.

వెల్డింగ్ చేసుకునేవాళ్లకి ఒక హెచ్చరిక, దయచేసి ఇది మాత్రం మరిచిపోవద్దు. రేకు శుభ్రం చేయడానికి క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ కొట్టి వెంటనే వెల్డ్ చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. ప్రాణాల మీదకి తెస్తుంది. డబ్బా మీద నాన్ క్లోరినేటెడ్ అని ఉన్నా అదీ మండుతుంది. రేకు తుడవడానికి అసిటోన్ వాడి, పూర్తిగా ఆరాక, గరాజ్ తలుపు తెరిచే వెల్డ్ చేయండి.

వైరింగ్ గురించి ఎందుకంత పట్టుబడుతున్నానంటే, కారణం ఏసీ. టెక్సస్ ఎండలకి అందరూ అడిగేది అదే, తప్పు లేదు, నా కారుకీ ఉంది. ఇక్కడే శాన్ ఆంటోనియోలో వింటేజ్ ఎయిర్ వాళ్లు ఇలాంటి పాత కార్ల కోసమే కిట్లు చేస్తారు, మంచివి. కానీ ఏసీ బ్లోవర్, ఎలక్ట్రిక్ ఫ్యాన్ లాగేసరికి కంపెనీ ఆల్టర్నేటర్ (ఇంజన్ తిరుగుతుంటే కరెంట్ ఇచ్చి బ్యాటరీని ఛార్జ్ చేసేది) చాలదు, అది 40 ఆంపుల దరిదాపు. దాంతో 100 ఆంపులది కొని బిగించేస్తారు. ఆల్టర్నేటర్ పెద్దదైంది, దాని నుంచి బ్యాటరీ వైపు వెళ్లే వైరు మాత్రం అదే సన్న వైరు. అది వేడెక్కి ఇన్సులేషన్ కరిగితే పక్కనున్న వైర్లన్నీ అదే చుట్టలో ఉంటాయి. అందుకే ఆల్టర్నేటర్ కొంటే లావు ఛార్జింగ్ వైరు, దానికి ఫ్యూజ్ కలిపే పంపుతాం, విడిగా ఇవ్వం. హెడ్‌లైట్ల కరెంట్ కూడా డాష్‌బోర్డ్ స్విచ్‌లోంచే పోతుంది కాబట్టి రిలేలు (ఎక్కువ కరెంట్‌ని వేరే దారిలో పంపే స్విచ్‌లు) పెట్టుకోండి, స్విచ్ బతుకుతుంది, వెలుతురు పెరుగుతుంది.

కార్బురేటర్ ఆర్డర్ల గురించి. కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న 289 కి 750 సీఎఫ్ఎం (నిమిషానికి అన్ని ఘనపుటడుగుల గాలి) కార్బురేటర్ కావాలని ఎవరు అడిగినా ఈ లెక్క చెప్తున్నాను: 289 ని 6000 ఆర్పీఎంతో గుణించి 3456 తో భాగించండి, 502 వస్తుంది. ఇంజన్ నూటికి నూరు శాతం గాలి పీల్చుకున్నా అంతే కావాలి, మామూలు వీధి ఇంజన్ అంత కూడా పీల్చదు. అవసరానికి మించి పెద్దది పెడితే కింది స్పీడ్‌లో గాలి వేగం తగ్గి, సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడు బండి తడబడుతుంది. కంపెనీ నుంచి వచ్చిన ఆటోలైట్ 2100 కార్బురేటర్ బాగుచేసి, ఇగ్నిషన్ టైమింగ్ సరిగ్గా పెడితే ముప్పావు వంతు మందికి ఇంకేమీ అక్కర్లేదు అని నా గట్టి అభిప్రాయం. అది అమ్మితే నాకొచ్చేది తక్కువే, అయినా అదే చెప్తాను.

మాకు వస్తున్న 2100 లలో ఫ్లోట్ బౌల్ (పెట్రోల్ నిలిచే గిన్నె) తెరిస్తే అడుగున తెల్లటి పొడి, మూలల్లో జిగురు కనిపిస్తోంది. నెలల తరబడి కదలని కార్లు అవి. ఇప్పటి పెట్రోల్‌లో పది శాతం ఇథనాల్ ఉంటుంది, తేమ పట్టుకుంటుంది, పాత రబ్బరు డయాఫ్రమ్‌లని పాడుచేస్తుంది. మేం వేసే కిట్లలో రబ్బరు అంతా ఇథనాల్‌కి తట్టుకునేదే. మీ వైపు నుంచి పెట్రోల్ హోసులు కూడా ఇథనాల్‌కి తట్టుకునే ఆర్9 రకానివి వేసుకోండి, లేకపోతే పాత హోస్ ముక్కలు ఊడి వచ్చి గిన్నెలోకి పెట్రోల్‌ని వదిలే కొత్త నీడిల్‌లో ఇరుక్కుంటాయి.

రేట్ల సంగతి. కార్బురేటర్ రీబిల్డ్ 240 డాలర్ల నుంచి 275 చేస్తున్నాం. మనం వాడే కొత్త రేకులు చాలావరకు తైవాన్‌లో తయారవుతాయి, 2025లో దిగుమతి పార్టుల మీదా స్టీలు మీదా సుంకాలు పెరిగాక కిట్లు, రేకులు అన్నీ ఎక్కువకే వస్తున్నాయి. ఇప్పటికే ఆర్డర్ ఇచ్చినవాళ్లకి పాత రేటే. పాత పార్టులు పారేయకండి, ఎంత తుప్పు పట్టినా దాచండి. కొత్తవి కొన్ని సరిగ్గా కూర్చోవు, అప్పుడు కొలతకి పాతదే ఆధారం.

మా కాలనీ హెచ్‌ఓఏ (ఇళ్ల ఓనర్ల సంఘం) నుంచి నోటీసు వచ్చింది, డ్రైవ్‌వేలో కస్టమర్ల కార్లు ఉండకూడదని, సాయంత్రాలు ఇంజన్ స్టార్ట్ చేయకూడదని. బాధగానే ఉంది, ఎందుకంటే మీ కారు పక్కన నిలబడి, మీ చేత్తోనే పని చేయిస్తూ నేర్పడం నాకు చాలా ఇష్టమైన భాగం. కానీ పక్కింటివాళ్లకీ పసిపిల్లలు ఉన్నారు. కాబట్టి ఇకమీదట పూర్తి కార్లు తీసుకోం, బెంచ్ మీద చేసే పని మాత్రమే: కార్బురేటర్లు, డిస్ట్రిబ్యూటర్లు, స్టీరింగ్ బాక్సులు. శనివారాలు ఉదయం వీడియో కాల్‌లో ఉంటాను, మీ గరాజ్‌లోంచి ఫోన్ పెట్టి చూపించండి, ఫీజు లేదు.

ఆర్డర్లు, బిల్లులు మా ఆవిడ చూస్తుంది. ఆర్డర్ ఆగి ఉన్నవాళ్లు తనకి పంపాల్సినవి: మాస్టర్ సిలిండర్ ఫోటో, నాలుగు చక్రాల లోపలి వైపు ఫోటోలు, కౌల్ మీద నీళ్లు పోస్తున్నప్పుడు డాష్ కింద తీసిన చిన్న వీడియో, ఆల్టర్నేటర్ వెనక వైర్ల ఫోటో, వీఐఎన్. చక్రం బోల్టులు నాలుగా ఐదా అన్నది రాయడం మరిచిపోవద్దు, డిస్క్ బ్రేక్ కిట్ దాన్ని బట్టే మారుతుంది. నాలుగు బోల్టులవాటికి కిట్లు ఉన్నాయి గానీ రకాలు తక్కువ. మీ వీల్స్ 14 అంగుళాల పాత స్టీల్‌వి అయితే అదీ చెప్పండి, కొన్ని కాలిపర్లు (డిస్క్‌ని పట్టి ఆపే భాగాలు) వాటికి తగులుతాయి. ఫోటోలు వచ్చిన వరుసలోనే పార్సిళ్లు కదులుతాయి.