బ్రాకెట్లో ఉన్న ఒక్క మాట: విద్యాశాఖ కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ ప్రభుత్వ విద్యాశాఖ కార్యదర్శి గారికి,

నమస్కారం.

మానుకోట వైపు ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో నేను గెస్ట్ లెక్చరర్ని. మ్యాథ్స్ చెబుతాను. పీరియడ్‌కు 390 రూపాయలు. నెలకు 72 పీరియడ్లు మించకూడదు కాబట్టి ఎంత గొంతు చించుకున్నా 28,080 దాటదు. జీతం సంగతి మరోసారి రాస్తాను. ఇవాళ రాస్తున్నది నా ఎమ్మెస్సీ పక్కన బ్రాకెట్లో ఉన్న ఒక్క మాట కోసం. ఆ మాట "అప్లైడ్".

కొన్నేళ్ల కిందట ఒక నియామకంలో రాత పరీక్ష గట్టెక్కాను. సర్టిఫికెట్ వెరిఫికేషన్‌కు పిలుపొచ్చింది. ఏ నియామకమో, ఏ ఆఫీసో చెప్పను. ఒక ఆఫీసును తిడితే తీరే గొడవైతే ఎప్పుడో తిట్టేదాన్ని. టేబుల్ అవతల కూర్చున్న సార్ మర్యాదస్తుడే. నా మెమో పక్కన నోటిఫికేషన్ కాపీ పెట్టుకుని రెండుసార్లు చదివాడు. "ఇక్కడ మ్యాథమెటిక్స్ అని ఉందమ్మా, మీది అప్లైడ్ మ్యాథమెటిక్స్. ఈక్వివలెన్స్ జీవో ఏదైనా ఉందా?" అన్నాడు. రెండు డిగ్రీలూ సమానమని ప్రభుత్వం చెప్పే అలాంటి జీవో ఒకటి ఉండాలని నాకు అప్పటిదాకా తెలియదు. చెక్‌లిస్టులో నా పేరుకు ఎదురుగా పెన్సిల్‌తో చిన్న సున్నా చుట్టాడు.

ఆ సున్నా చెరిపించుకోవడానికి తిరిగిన తిరుగుడు మీకు తెలియాలి, ఎందుకంటే ఇప్పుడు ఎవరో ఒకరు ఇదే దారిలో తిరుగుతూ ఉంటారు. యూనివర్సిటీకి వెళ్తే చలానా కట్టించుకుని, మూడు వారాల తర్వాత ఒక కాగితం ఇచ్చారు. ఈ రెండు ఎమ్మెస్సీలూ సమానమేనని అందులో ఉంది. దాన్ని పట్టుకెళ్తే, "యూనివర్సిటీ చెబితే చాలదు, ప్రభుత్వం చెప్పాలి" అన్నారు. గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ పోయి ప్రభుత్వాన్ని అడిగితే, "నియామకం చేసే ఆఫీసు నుంచి ఫైలు రావాలి, అభ్యర్థి నేరుగా ఇస్తే తీసుకోం" అన్నారు. తిరిగి ఆ ఆఫీసుకే వెళ్తే, "తెచ్చుకోవాల్సింది అభ్యర్థే, నోటిఫికేషన్లో రాశాం కదా" అన్నారు. నిజమే, రాశారు. ఇరవయ్యో పేజీలో ఎక్కడో ఉంది. ఈలోగా ఫైనల్ లిస్ట్ వచ్చేసింది. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను.

ఇంటికొచ్చి చెబితే మా నాయిన చాలాసేపు మాట్లాడలేదు. ఆయన ఏడో తరగతి దాకా చదివాడు. చివరికి, "లెక్కల్ల గూడ కులాలున్నయా బిడ్డా?" అన్నాడు. ఆయనకు సర్దిచెప్పే మాట నాకు దొరకలేదు. మీకు దొరుకుతుందేమో చూడండి.

ఆ రాత్రి నా మెమోనూ, ఎమ్మెస్సీ మ్యాథమెటిక్స్ చదివిన నా స్నేహితురాలి మెమోనూ పక్కపక్కన పెట్టి చూశాను. రియల్ అనాలిసిస్ ఇద్దరికీ ఉంది. కాంప్లెక్స్ అనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా, టోపాలజీ, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ కూడా ఇద్దరివీ ఒకటే. మొత్తం పదహారు పేపర్లలో పదకొండు కలిశాయి. కొన్నింటికి పుస్తకం కూడా ఒకటే, హాస్టల్లో ఒకే జిరాక్స్ కాపీని పంచుకుని చదివినవాళ్లం. తేడా వచ్చినచోట తనకు మెజర్ థియరీ, ఫంక్షనల్ అనాలిసిస్, నంబర్ థియరీ ఉన్నాయి. నాకు ఫ్లూయిడ్ మెకానిక్స్, న్యూమరికల్ అనాలిసిస్, ఇంటిగ్రల్ ఈక్వేషన్స్ ఉన్నాయి. ఇక ఇంటర్లో చెప్పాల్సింది ఏమిటి? 1ఏలో ప్రమేయాలు, మాత్రికలు, సదిశలు, త్రికోణమితి. 1బీలో సరళరేఖ, అవకలనం. 2ఏలో సంకీర్ణ సంఖ్యలు, సంభావ్యత. 2బీలో వృత్తాలు, సమాకలనం. వీటిలో మెజర్ థియరీ చదివితే తప్ప చెప్పలేని పాఠం ఒక్కటి చూపించమనండి.

ఒకటి ఒప్పుకోవాలి. డిగ్రీ కాలేజీ దగ్గరికొస్తే నా వాదన ఇంత గట్టిగా నిలబడదు. అక్కడ గ్రూపులు, రింగులు చెప్పాలి. నేను ఆల్జీబ్రా ఒక్క సెమిస్టరే చదివాను. అక్కడ ఎవరైనా అభ్యంతరం చెబితే కూర్చుని వింటాను. అయితే ఆ అభ్యంతరం సిలబస్ చూసి చెప్పాలి. బ్రాకెట్లో మాట చూసి చెబితే మాత్రం ఒప్పుకోను.

అసలు ఈ బ్రాకెట్ ఎక్కడి నుంచి వచ్చింది? ఏ డిగ్రీని ఏ పేరుతో పిలవాలో, దేశంలో యూనివర్సిటీలకు ప్రమాణాలు పెట్టే యూజీసీ 2014లో గెజిట్‌లో ప్రకటించింది. అందులో ఎమ్మెస్సీ ఉంటుంది. ఆ ఎమ్మెస్సీ పక్కన ఏ సబ్జెక్టు పేరు పెట్టుకోవాలన్నది యూనివర్సిటీల ఇష్టం. వాళ్లు ఆ ఇష్టాన్ని బాగానే వాడుకున్నారు. "అప్లైడ్" అంటే ఉద్యోగాలొస్తాయని చేర్చారు, "విత్ కంప్యూటర్ సైన్స్" అంటే సీట్లు నిండుతాయని చేర్చారు. సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులొచ్చాక పేర్లు ఇంకా పెరిగాయి. అడ్మిషన్ల బ్రోచర్లో మాత్రం "జూనియర్ లెక్చరర్, డిగ్రీ లెక్చరర్ ఉద్యోగాలకు అర్హులు" అని పెద్దక్షరాలతో వేశారు.

ఆ యూనివర్సిటీ ప్రభుత్వానిదే. ఆ కోర్సుకు అనుమతిచ్చింది ప్రభుత్వమే. నా ఫీజు రీయింబర్స్‌మెంట్ కట్టింది ప్రభుత్వమే. అదే సర్టిఫికెట్ చూసి, జిరాక్స్ తీసుకుని, మా పిల్లలకు పాఠం చెప్పమని గెస్ట్‌గా పిలిచిందీ ప్రభుత్వమే. పీరియడ్‌కు 390 లెక్కన సరిపోయిన డిగ్రీ, స్కేలు ఇవ్వాల్సి వచ్చేసరికి ఎలా చాలకుండా పోయింది సార్? నాకు అర్హత లేకపోతే ఇన్నేళ్లు ఆ పిల్లలకు అర్హత లేని మనిషితో పాఠం చెప్పించినట్టే కదా. ఈ రెండింటిలో ఏదో ఒకటి తప్పు.

కోర్టుకు వెళ్లమని చాలామంది సలహా ఇచ్చారు. వెళ్లినవాళ్ల కథలు చదివాను. డిగ్రీల సమానత్వం సాంకేతిక విషయమనీ, దాన్ని తూచాల్సింది నిపుణులేననీ సుప్రీంకోర్టు 1974లోనే చెప్పింది. ఆ కేసు మనదే. రాష్ట్రాలు కలిసినప్పుడు పాత హైదరాబాద్ రాష్ట్రం నుంచి వచ్చిన ఇంజినీరింగ్ సూపర్‌వైజర్లు వేసుకున్నది. 2018లో జమ్మూ కశ్మీర్ నుంచి వచ్చిన కేసులోనూ, అర్హతను నిర్ణయించే అధికారం ఉద్యోగం ఇచ్చేవాళ్లదే, ఒక చదువు మరో చదువుకు సమానమని కోర్టులు తేల్చలేవు అనే చెప్పింది. అంటే కోర్టు చివరికి మీ వైపే వేలు చూపిస్తోంది. మీ ఆఫీసు కోర్టు తీర్పు తెమ్మంటుంది.

నిపుణులు కూర్చుంటే తేలదా? తేలుతుంది. ఉత్తరప్రదేశ్‌లో ఎడ్యుకేషన్ సబ్జెక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులకు ఎంఏ ఎడ్యుకేషన్ వాళ్లే అర్హులా, ఎంఈడీ వాళ్లు కూడానా అని ఏళ్ల తరబడి తగాదా నడిచింది. నిపుణుల కమిటీ రెండూ సరేనంది, హైకోర్టు కాదంది. 2020లో సుప్రీంకోర్టు ఎంఈడీ వాళ్లూ అర్హులేనని, కమిటీ మాటనే నిలబెట్టింది. ఆ పోస్టుల ప్రకటన 2014 నాటిది. ఆరేళ్లు! ముందే కూర్చుని తేల్చుకోవాల్సిన మాటకు ఎంతమంది వయసు కరిగిపోయిందో లెక్కవేయండి.

ఇప్పుడు నాకు అవతలి పక్షం మాట కూడా చెప్పాలి. స్ట్రెయిట్ మ్యాథమెటిక్స్ చదివిన నా స్నేహితురాలికి నా మీద ప్రేమ ఉంది కానీ నా వాదన మీద లేదు. "నోటిఫికేషన్లో లేని డిగ్రీని మధ్యలో చేరిస్తే, లేదు కదా అని అప్లై చేయకుండా ఊరుకున్న మిగతా అప్లైడ్ వాళ్ల మాటేమిటి? నువ్వు ధైర్యం చేశావు కాబట్టి నీకు, వాళ్లు రూలు పాటించారు కాబట్టి వాళ్లకు లేదా?" అంది. నాకు కోపమొచ్చింది, జవాబు రాలేదు. 1990లో విజయనగరం సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాల టీచర్ పోస్టు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా దాదాపు ఇదే. ప్రకటనలో అడిగిన అర్హత లేనివాళ్లను తీసుకోవడమంటే, అదే చదువు ఉండి, ప్రకటన చూసి దరఖాస్తు పెట్టకుండా ఆగిపోయిన వాళ్లందరినీ మోసం చేయడమేనని. అందుకే వెరిఫికేషన్ టేబుల్ దగ్గర నా ఒక్కదానికి దయ చూపించమని అడగడం మానేశాను. ఆ టేబుల్ దగ్గర ఏ నిర్ణయం తీసుకున్నా ఎవరో ఒకరికి అన్యాయమే. నిర్ణయం అక్కడిదాకా రాకూడదు.

ఇది లెక్కల వాళ్ల బాధే అనుకోకండి. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చదివినవాళ్లు సివిక్స్ చెప్పొచ్చా? బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ వాళ్లు బోటనీ, జువాలజీ పోస్టులకు పనికొస్తారా? (నన్నడిగితే అన్నీ పనికిరావు. సూక్ష్మజీవుల ల్యాబులో రెండేళ్లు గడిపినవాళ్లకు మొక్కల వర్గీకరణ చెప్పమంటే ఇబ్బందే.) కామర్స్‌కు ఎంకామ్ మాత్రమేనా, ఫైనాన్స్‌తో ఎంబీఏ కూడానా? ఇంటర్ తర్వాత ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ చదివినవాళ్లను విడి డిగ్రీ సర్టిఫికెట్ ఏదని అడగొచ్చా? ఒక్కో ప్రశ్నకు ఒక్కో జవాబు ఉండొచ్చు. అన్నింటికీ అవునని చెప్పమని నేను అడగడం లేదు.

దూరవిద్య వాళ్ల కథ మరీ విడ్డూరం. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన హైదరాబాద్‌లోనే పుట్టింది, ఇవాళ అంబేద్కర్ యూనివర్సిటీ అంటున్నాం. గుర్తింపు ఉన్న సంస్థలో దూరవిద్యలో చేసిన డిగ్రీ, పీజీలు రెగ్యులర్ వాటితో సమానమని యూజీసీ 2020 నిబంధనల్లోనే రాసింది. అయినా "మీది ఓపెనా?" అని సాగదీసి అడిగే గొంతులు ఇంకా వినిపిస్తాయి.

ఇంకో ముచ్చట. విదేశాల్లో చదివొచ్చిన వాళ్ల డిగ్రీలకు సమానత్వం ఇవ్వడానికి యూజీసీ 2025 ఏప్రిల్‌లో ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకుంటే నిపుణుల సంఘం చూసి చెబుతుంది. మంచిదే, లండన్‌లో ఏడాది ఎమ్మెస్సీ చేసొచ్చిన మన పిల్లలకు ఊరట. పక్క జిల్లా యూనివర్సిటీలో రెండేళ్లు చదివిన నాకు అలాంటి కిటికీ ఒక్కటీ లేదు.

తెలంగాణ వచ్చాక ప్రభుత్వ జూనియర్ కాలేజీలకు మొదటి నోటిఫికేషన్ 2022 డిసెంబరులో వచ్చింది, 1,392 పోస్టులకు. నియామక పత్రాలు అందేసరికి 2025 మార్చి. మళ్లీ ఎప్పుడొస్తుందో మీకే తెలియాలి. ఈ మధ్య ఉన్న ఖాళీ కాలంలోనే చేయాల్సిన పని ఇది. నోటిఫికేషన్ వచ్చాక ఎవరికి వాళ్లు పరిగెత్తి జీవో తెచ్చుకోవడం మాని, రాకముందే సబ్జెక్టువారీగా ఒక జాబితా పెట్టండి. ఫలానా పోస్టుకు ఫలానా డిగ్రీలు సరిపోతాయి, ఫలానావి సరిపోవు, కారణం ఇది అని. "సరిపోవు" అన్న సగం కూడా ముఖ్యమే సార్. ముందే తెలిస్తే ఇరవై ఏడేళ్ల వయసులోనే ఇంకో దారి వెతుక్కుంటారు, నాలాగా ముప్పై ఎనిమిది దాకా కూర్చోరు.

ఆ జాబితా వేసేవాళ్లు సెమిస్టర్ల సిలబస్‌లు ముందు పెట్టుకుని, ఆ పోస్టులో చెప్పాల్సిన పాఠాలతో పోల్చాలి. జూనియర్ కాలేజీకి ఒక కొలత, డిగ్రీ కాలేజీకి ఇంకో కొలత ఉన్నా తప్పులేదు. డిగ్రీ కాలేజీలకు యూజీసీ 2018 నిబంధనలు "సంబంధిత లేదా అనుబంధ సబ్జెక్టు" అని చోటిచ్చాయి. ఆ అనుబంధం ఏమిటో పేర్లతో సహా రాసిపెట్టే పని మాత్రం ఇక్కడే జరగాలి. రెండు పేపర్లు తక్కువైతే ఆ రెండూ రాసి రమ్మనండి, రాస్తాం. పరీక్షలు రాయడం మాకు కొత్తా? ఒకరి విషయంలో తేల్చింది ఆ డిగ్రీ ఉన్న అందరికీ వర్తించాలి. ఇక మీదట ఏ యూనివర్సిటీ అయినా కొత్త పేరుతో పీజీ మొదలుపెడితే, అది ఏ లెక్చరర్ పోస్టుకు పనికొస్తుందో తేలాకే అడ్మిషన్లు తీసుకోనివ్వండి. ఆ బ్రోచర్లో పెద్దక్షరాలకు ఎవరో ఒకరు జవాబుదారీ కావాలి.

జూన్‌లో కాలేజీ తెరుస్తారు. గెస్టుల రెన్యువల్ ఉత్తర్వు వచ్చేదాకా ప్రతి ఏడూ ఉండే టెన్షనే ఈసారీ ఉంటుంది. వచ్చాక మా ప్రిన్సిపాల్ సార్ ఫోన్ చేసి ఒరిజినల్స్ తెమ్మంటారు. అదే మెమో, అదే బ్రాకెట్ చూసి, జిరాక్స్ మీద సంతకం పెట్టించుకుని ఫస్టియర్ టైంటేబుల్ చేతిలో పెడతారు. మొదటి పీరియడ్ 1ఏ, ప్రమేయాలు.

ఇట్లు,
ఒక గెస్ట్ లెక్చరర్,
ఎమ్మెస్సీ (అప్లైడ్ మ్యాథమెటిక్స్)