పెయిన్ క్లినిక్‌కు తీసుకెళ్లాల్సిన ఒక్క కాగితం

సంపాదకులు గారికి,

నమస్కారం. మూణ్నెల్లు దాటినా తగ్గని నడుం నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. ఎముకల డాక్టరు, నరాల డాక్టరు అందరి దగ్గరా తిరిగాక, చివరికి ‘పెయిన్ క్లినిక్‌లో చూపించుకోండి’ అంటే వచ్చేవాళ్లు చాలామంది. సంచీ నిండా కాగితాలు తెస్తారు గానీ, ఏమిటి బాధ అని అడిగితే ‘నడుం నొప్పండీ, ఐదేళ్లుగా’ అన్న ఒక్క ముక్కతో ఆగిపోతారు. రద్దీ ఓపీలో ఒక్కొక్కరికి దక్కేదే పదీ పదిహేను నిమిషాలు. అందులో సగం సంచీ వెతకడానికే సరిపోతే ఇక పరీక్ష చేసేదెప్పుడు? ఇంటి దగ్గరే ఒక కాగితం రాసుకుని వస్తే ఆ మొదటి ఓపీ వృథా కాదు. అందులో ఏమేం ఉండాలో మీ పాఠకులకు చెప్పాలని ఈ ఉత్తరం.

దానికన్నా ముందు ఒక మాట. కొన్ని లక్షణాలుంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు. ఉన్నట్టుండి మూత్రం రాకుండా ఆగిపోవడం, తెలియకుండానే మూత్రమో విరేచనమో అయిపోవడం, కూర్చున్నప్పుడు పీటకు తగిలే భాగమంతా స్పర్శ పోవడం, పాదం పైకి లేవక చెప్పు జారిపోవడం వంటివి కనిపిస్తే ఆ రోజే, ఆ గంటలోనే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి. నరాల కట్ట ఒత్తుకుపోతుంటే ఆలస్యమైన కొద్దీ ఆ నష్టాన్ని సరిచేయడం కష్టం. సాయంత్రం పూట జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, పడుకున్నా వదలని నొప్పి, గతంలో క్యాన్సర్ ఉండటం వంటివీ వెంటనే చెప్పాల్సినవే. వెన్నుపూసకు వచ్చే టీబీ మన దగ్గర ఇంకా ఉంది. దాన్ని మామూలు నడుం నొప్పి అనుకుని నెలల తరబడి మాత్రలు మింగినవాళ్లూ ఉన్నారు.

ఇక కాగితం సంగతి. పోటు, సలుపు, పీకు, గుంజుడు, మంట, తిమ్మిరి, పట్టేయడం, కలుక్కుమనడం, జివ్వుమనడం అని ఇంట్లో ఎంత వివరంగా చెప్పుకుంటామో! డాక్టరు ఎదుట కూర్చోగానే అవన్నీ వదిలేసి ‘బ్యాక్ పెయిన్ సార్’ అంటాం. డాక్టరుకు పనికొచ్చేవి ఆ ఇంటి మాటలే. కరెంటు షాకులా జివ్వుమంటూ పిరుదు నుంచి తొడ వెనగ్గా, మోకాలు దాటి పాదంలోకి దిగుతుంటే నరం సంగతి చూడాలి. తిమ్మిరి బొటనవేలి వైపా, చిటికెనవేలి వైపా అన్నదీ రాయండి. సాధారణంగా బొటనవేలి వైపైతే ఎల్-5 నరం, చిటికెనవేలి వైపైతే ఎస్-1 నరం. రెండూ వెన్ను అడుగు నుంచి కాల్లోకి దిగేవే. కొంచెం దూరం నడిచేసరికి కాళ్లు బరువెక్కి, కూర్చుంటేనో ముందుకు వంగితేనో తేలికపడుతుంటే వెన్నులో నరాలు దిగే దారి ఇరుకైందేమో చూస్తారు. అలాంటివాళ్లు ఉత్త చేతులతో వీధి చివరిదాకా నడవలేకపోయినా, తోపుడు బండి మీద వాలి తోసుకుంటూ చాలా దూరం పోగలరు. పొద్దున లేవగానే నడుం కట్టెలా బిగుసుకుని, అరగంట దాటితేగానీ వదలకుండా, పనిలో పడ్డాక మెరుగవుతుంటే, అదీ 45 ఏళ్ల లోపు మొదలై ఉంటే, దారి వేరు. అది వెన్ను కీళ్ల వాపు కావచ్చు, కీళ్ల వాతాల డాక్టరు (రుమటాలజిస్టు) చూడాలి. చూశారా, ఎమ్మారై కన్నా ముందే మీ మాట ఎంత తేల్చేస్తుందో.

మాటల్లో చెప్పలేకపోతే మనిషి బొమ్మ ముందు నుంచీ వెనక నుంచీ రెండు గీసి, నొప్పి ఉన్నచోట గీతలు, తిమ్మిరి ఉన్నచోట చుక్కలు పెట్టండి. బొమ్మ అందంగా రానక్కర్లేదు.

సున్నా నుంచి పది దాకా నొప్పి ఎంత అని అడుగుతారు. ఊహకందనంత భయంకరమైన నొప్పి 10. ఒక్క అంకె సరిపోదు. గత వారంలో అతి తక్కువ ఎంత, అతి ఎక్కువ ఎంత, మామూలుగా ఎంత అని మూడు రాయండి. వీలైతే 14 రోజుల పాటు నోటుపుస్తకంలో రోజుకో వరుస రాయండి. ‘మంగళవారం: పొద్దున 4. గంటన్నర మిషన్ కుట్టాక 7. మూడింటికి మాత్ర, నాలుగింటికి 5. రాత్రి రెండుసార్లు మెలకువ.’ ఇంత చాలు. ఏ పని నొప్పి పెంచుతోంది, మాత్ర ఎంతసేపు పనిచేస్తోంది, నిద్ర ఎలా ఉంది అన్న మూడు ప్రశ్నలకూ ఆ ఒక్క వరుసలో జవాబుంది. ఏం పని చేస్తారో కూడా విడమరిచి చెప్పండి. ‘వ్యవసాయం’ అంటే చాలదు. రోజుకు ఎన్ని గంటలు వంగి నాట్లు వేస్తారు, ఎన్ని కిలోల బస్తా ఎత్తుతారు, ట్రాక్టరు మీద ఎంతసేపు కూర్చుంటారు అన్నది కావాలి.

అన్నిటికన్నా ఎక్కువ తప్పులు జరిగేది మందుల దగ్గర. షాపులో స్ట్రిప్‌ను కత్తెరతో కత్తిరించి నాలుగు మాత్రలు చేతిలో పెడతారు, పేరున్న సగం షాపులోనే ఉండిపోతుంది. ‘తెల్లది, పొడుగ్గా ఉంటుంది’ అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. పూర్తి స్ట్రిప్ తీసుకోండి, లేదా పేరు, మిల్లీగ్రాములు రాయించుకోండి. ఎందుకంటే ఒకే మందు మూడు పేర్లతో కడుపులోకి పోతుంది. ఎసిక్లోఫినాక్ అనే నొప్పి మందు కలిపిన మాత్రలో సాధారణంగా పారాసిటమాల్ 325 మి.గ్రా. ఉంటుంది. రోజుకు రెండు వేసుకుంటే 650. ట్రమడాల్ అనే మరో నొప్పి మందు కలిపిన మాత్రలోనూ పారాసిటమాల్ 325 ఉంటుంది. మూడు వేసుకుంటే 975. వీటికితోడు ఒళ్లు నొప్పులకని పారాసిటమాల్ 650 మాత్రలు మూడు, అంటే 1,950. మొత్తం 3,575 మి.గ్రా. ఆరోగ్యవంతుడైన పెద్దవాడికే రోజుకు 4,000 దాటకూడదు. బక్కపలచటివాళ్లకు, మద్యం అలవాటున్నవాళ్లకు అంతకన్నా తక్కువలోనే కాలేయానికి ప్రమాదం. ఇంకొక్క 650 మాత్ర వేసుకుంటే ఆ హద్దు దాటిపోయినట్టే.

కిడ్నీల సంగతీ ఇంతే. టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్ర, ఒంట్లో నీరు లాగే మాత్ర వాడుతున్నవాళ్లు వాటిపైన డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్ లాంటివి రోజూ వేసుకుంటే కిడ్నీ దెబ్బతినే ప్రమాదం పెరుగుతుంది. ఉద్దానం ప్రాంతంలో లాగా కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఊళ్లవాళ్లు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు లేకుండా నొప్పి మాత్ర జోలికే పోవద్దు. ఊళ్లో వేయించుకున్న ఇంజెక్షన్లు, పేరు లేని పొడులు, కషాయాలు కూడా దాచకుండా చెప్పాలి. కొన్ని పొడుల్లో స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. తిడతారేమోనని దాస్తే నష్టం మనకే. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులుంటే కాగితం పైనే పెద్ద అక్షరాలతో రాయండి. వెన్నులో ఇంజెక్షన్ ఇవ్వాలంటే అది తెలియాలి. అలాగని సొంతంగా ఆపేయకండి. ఆపాలా వద్దా, ఎన్ని రోజుల ముందు ఆపాలి అన్నది గుండె డాక్టరుతో మాట్లాడి నిర్ణయించాల్సిన విషయం. షుగరు ఉంటే మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ రిపోర్టు తాజాది తెచ్చుకోండి. స్టెరాయిడ్ ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు షుగరు పెరుగుతుంది.

పాత మందుల గురించి ‘పనిచేయలేదు’ అని ఊరుకోవద్దు. ఎంత మోతాదు, ఎన్ని రోజులు వాడారు, ఎందుకు మానేశారు? నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబాలిన్ 75 మి.గ్రా. రెండు రోజులు వేసుకుని మత్తుగా ఉందని మానేయడం వేరు, ఆరు వారాలు వాడినా గుణం కనిపించకపోవడం వేరు. నెలలుగా వాడుతున్న ప్రీగాబాలిన్‌ను మాత్రం ఒక్కసారిగా ఆపొద్దు, మెల్లగా తగ్గించాలి.

ఎమ్మారై తెచ్చేటప్పుడు రిపోర్టు ఒక్కటే చాలదు, ఫిల్ములు, సీడీ రెండూ కావాలి. ఫిల్ములు మడత పెట్టకండి, ఎండలో ఆగిన కారులో వదలకండి. కాగితాలను తేదీల వరుసలో పెట్టి, పాతది అడుగున, కొత్తది పైన ఉంచండి. రిపోర్టులో ‘డిస్క్ బల్జ్’ (వెన్నుపూసల మధ్య మెత్త ఉబ్బడం) అని చూసి కుంగిపోనక్కర్లేదు. నొప్పే లేనివాళ్లను స్కాన్ చేసిన అధ్యయనాలన్నీ కలిపి 2015లో లెక్కగడితే, 20 ఏళ్లవాళ్లలో నూటికి 30 మందికి, 50 ఏళ్లవాళ్లలో 60 మందికి డిస్క్ ఉబ్బు కనిపించింది. మీరు చెప్పే లక్షణంతో స్కాన్‌లో మచ్చ సరిపోలితేనే దానికి విలువ.

వెళ్లే రోజు బీపీ, షుగరు మందులు ఎప్పటిలాగే వేసుకోండి, టిఫిను తినండి. పరగడుపున రమ్మంటే మాత్రం షుగరు మందు సంగతి ముందే అడగండి. నొప్పి మాత్ర వేసుకుంటే ఎన్నింటికి వేసుకున్నారో గుర్తుంచుకోండి. వదులు బట్టలు వేసుకోండి, వంగమంటారు, పడుకోబెట్టి కాలు పైకెత్తి చూస్తారు. ఇంటి మనిషి ఒకరు తోడుంటే మంచిది. డాక్టరు చెప్పింది ఇద్దరు వింటే సగం మరిచిపోకుండా ఉంటుంది.

నిద్ర, దిగులు, కంగారు గురించి ఒక ప్రశ్నపత్రం ఇస్తారు. ‘నాది మనసు జబ్బు అనుకుంటున్నారా’ అని చాలామంది నొచ్చుకుంటారు. అలా ఎవరూ అనుకోవడం లేదు. నిద్రలేని శరీరంలో అదే నొప్పి ఇంకా ఎక్కువగా తెలుస్తుంది కాబట్టి అడుగుతారు. రాత్రిపూట అమిట్రిప్టిలిన్ 10 మి.గ్రా. రాస్తే, ఇది డిప్రెషన్ మందట అని పారేయకండి. డిప్రెషన్‌కు ఇచ్చే మోతాదు దీనికి ఎన్నో రెట్లు. ఇంత చిన్న మోతాదు ఇచ్చేది నరాల నొప్పికి.

ఏం కావాలని వచ్చారో కూడా కాగితం చివర రాయండి. ఏళ్లనాటి నొప్పి సున్నాకు రావడం అరుదు. 7 నుంచి 5కి దిగినా వైద్యంలో అది చెప్పుకోదగ్గ మార్పే. ‘గంటసేపు బస్సులో కూర్చోగలగాలి’, ‘మనవణ్ణి ఎత్తుకోవాలి’ అని రాస్తే చికిత్స అటువైపు నడుస్తుంది. ఇంజెక్షన్ చెబితే అది నొప్పి ఎక్కడిదో కనిపెట్టడానికా, తగ్గించడానికా, ఎన్నాళ్లు పనిచేయొచ్చు, ఆపరేషన్ థియేటర్ చార్జీలతో కలిపి మొత్తం ఎంతవుతుంది అని అక్కడే అడగండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

ప్రభుత్వ ఆసుపత్రుల సూపరింటెండెంట్లకు మా విన్నపం ఒక్కటే. పెయిన్ క్లినిక్‌కు తేదీ రాసిచ్చే చీటీతో పాటే తెలుగులో ఒక ఫారం ఇవ్వండి. ఒకవైపు మనిషి బొమ్మలు రెండు, పక్కన సలుపు, గుంజుడు, తిమ్మిరి వంటి మాటలకు టిక్కు పెట్టే గళ్లు, వెనకవైపు మందుల పట్టిక ఉంటే చాలు. చదవలేనివాళ్లకు ఆశా కార్యకర్త ఊళ్లోనే నింపిపెట్టగలరు. మీ ఆదివారం అనుబంధంలో అలాంటి ఫారాన్ని కత్తిరించి దాచుకునేలా ఒకసారి అచ్చు వేయాలని మిమ్మల్నీ కోరుతున్నాం.

ఇట్లు,
నొప్పి చికిత్స విభాగాల్లో పనిచేసే కొందరు నర్సులు, ఫిజియోథెరపిస్టులు