మంత్రి గారూ, మా టీచర్లకు ఏమని చెప్పమంటారు?

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. మేం ఒక మండల కేంద్రంలో మానసిక దివ్యాంగుల పాఠశాల నడుపుతున్నాం. దివ్యాంగుల కోసం పనిచేసే సంస్థలకు కేంద్రం ఇచ్చే డీడీఆర్‌ఎస్ (దీన్‌దయాళ్ దివ్యాంగుల పునరావాస పథకం) గ్రాంటు గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. అది సమయానికి అందడం లేదని ఇప్పటికి నాలుగు అర్జీలు పెట్టాను. సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చిన రసీదులు బీరువాలో అలాగే ఉన్నాయి. ఒక్కదానికీ జవాబు లేదు. అందుకే అందరి ముందూ రాస్తున్నాను.

ఖర్చులో 90 శాతం వరకు ప్రభుత్వం ఇస్తుంది, మిగతాది సంస్థ పెట్టుకోవాలి. మా పది శాతానికి మేం ఏనాడూ వెనకాడలేదు. ఇల్లిల్లూ తిరిగి బియ్యం అడిగి తెచ్చుకున్నాం. కానీ ఆ తొంభై చేతికొచ్చేదాకా నూరూ మేమే పెట్టాలి కదండీ! ముందు జీతాలు బ్యాంకులో వేయాలి, ఆడిట్ చేయించాలి, యూసీ (డబ్బు దేనికి ఖర్చయిందో తెలిపే వినియోగ ధ్రువపత్రం) పెట్టాలి, తనిఖీ జరగాలి. తర్వాత ఫైలు జిల్లా నుంచి రాష్ట్రానికి, అక్కడి నుంచి ఢిల్లీకి పోవాలి. అంత డబ్బు మా దగ్గరే ఉంటే గ్రాంటు కోసం ఎందుకు తిరుగుతాం?

మొదట నా గాజులు తాకట్టు పెట్టాను. తర్వాత చేబదుళ్లు. కిరాణా కొట్టు ఖాతా రెండో పుస్తకంలోకి వెళ్లింది. ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉన్న టీచర్లే కావాలంటారు, సరే, న్యాయమే. అంత చదివినవాళ్లను ఎనిమిది నెలలు జీతం లేకుండా ఉండమని ఏ నోటితో అడగను?

మొన్న మా ఆయమ్మ మానేసింది. తప్పు ఆమెది కాదు, ఇంటద్దె కట్టుకోవాలి. మా దగ్గర పద్నాలుగేళ్ల పిల్లాడున్నాడు, ఆమె కలిపి పెడితేనే తింటాడు. మూడు రోజులు మధ్యాహ్నం ముద్ద ముట్టలేదు. కంచం పక్కకు నెట్టేసి గుమ్మం దగ్గరే కూర్చున్నాడు, ఆమె చెప్పులు విడిచే చోట. వాళ్లమ్మ కూలి పని వదులుకుని వచ్చి తినిపించింది.

2018లో గ్రాంటు రేట్లు పెంచారు, సంతోషించాం. తర్వాత బియ్యం, పాలు, వ్యాన్ డీజిల్ ఏ ధరకు పోయాయో మీకు తెలియనిది కాదు.

దయచేసి ఏడాది మొదట్లోనే కొంత విడుదల చేయించండి. కనీసం జీతాల మేరకైనా. ఫైలులో లోపం ఉంటే ఏ కాగితం తక్కువైందో రాతపూర్వకంగా చెప్పించండి, వారంలో తెచ్చిస్తాం. పోర్టల్‌లో ‘పరిశీలనలో ఉంది’ అన్న ఒక్క ముక్క చూసుకుంటూ ఎన్ని నెలలు గడపమంటారు? జీతాలైనా ఇప్పించండి సార్. ఒకటో తారీఖు మళ్లీ వస్తోంది.

ఇట్లు,
ఒక ప్రత్యేక పాఠశాల నిర్వాహకురాలు